ట్రిఫిడ్ నడిమి చుక్క

ఎవరైనా నెబ్యులా ఫోటో చూపిస్తే నేను ముందు నడుమనున్న నక్షత్రం వంకే చూస్తాను. అది మాడిపోయి తెల్లమచ్చయితే, చుట్టూ ఎంత ఎరుపు పొంగినా పనితనం తక్కువే. ధనూరాశిలోని ట్రిఫిడ్ ఈ పరీక్ష గట్టిగా పెడుతుంది. మధ్యలో హెచ్‌డి 164492ఎ అనే ‘ఓ’ (O) తరగతి తార ఉంది. దాని అతినీలలోహిత కాంతి హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అవి మళ్లీ వచ్చి చేరేటప్పుడు పుట్టేదే 656 నానోమీటర్ల ఎరుపు. పక్కనున్న నీలిపొగ సొంతంగా వెలగదు, ధూళి మీద పడి చెదిరిన తారల కాంతే అది.

కృష్ణా జిల్లా మొవ్వలో మే నెల నడుమ, తెల్లవారుజామున రెండున్నరకు ట్రిఫిడ్ దక్షిణాన 51 డిగ్రీల ఎత్తున నిలుస్తుంది. గ్రీన్‌విచ్‌లో 16 డిగ్రీలైనా లేవదు. మనకు ఆ దిక్కున దివిసీమ, ఆపైన సముద్రం. చిక్కల్లా అక్కడి నుంచి వచ్చే తేమగాలితోనే, లెన్స్‌ను తడిపేస్తుంది.

మామూలు కెమెరాలో సెన్సర్ ముందుండే ఫిల్టరు హైడ్రోజన్ ఎరుపును చాలావరకు ఆపేస్తుంది. అందుకే తెలిసినవాళ్లు దాన్ని తీయిస్తారు. నెబ్యులాకు నిమిషాల తరబడి, చుక్కలకు కొన్ని సెకన్లు విడివిడిగా తీసి కలుపుతారు. కలిపిన అతుకు కనబడకపోవడంలోనే ఉంది నేర్పంతా.

చుక్కల కోసమే ఫోటో పలకలు తీసినవాళ్లు మనకు హైదరాబాదులో ఉండేవారు. నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా అబ్జర్వేటరీకి, 1887లో పారిస్‌లో తలపెట్టిన ఆకాశపటంలో ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల పట్టీ దక్కింది. ట్రిఫిడ్ ఉన్నది ఆ పట్టీ దక్షిణపు అంచునే. నాటి పలకలు నీలానికే స్పందించేవి, ఎరుపు వాటికి కనబడదు. నక్షత్రాలతో పాటు సన్నటి గళ్ల గీతలనూ పలక మీదే ముద్రించేవారు. కడిగి ఆరబెట్టేటప్పుడు జెలటిన్ కుంచించుకుపోతే గీతలూ దానితోపాటే కుంచించుకుపోతాయి, కొలత తప్పదు. ఎంత ముందుచూపు! భాస్కరన్ వంటి సంచాలకుల హయాంలో ఒక్కో చుక్క స్థానాన్నీ కొలిచి 12 సంపుటాలు అచ్చువేశారు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో 25 లక్షల తారల సొంత కదలికలు లెక్కగట్టడానికి, ఉపగ్రహం ఇచ్చిన స్థానాల పక్కన పెట్టి చూసిన పాత కొలతల్లో హైదరాబాదువీ ఉన్నాయి.