నడివయసు ప్రేమయు మన నవ్వును

కన్యాశుల్క నాటకమున పూటకూళ్లమ్మ చీపురు చేతబట్టి మధురవాణి యింటికి వచ్చు ఘట్టమున నవ్వని ప్రేక్షకుని మేము చూడలేదు. మేమును పలుమారులు నవ్వినవారమే. ఇటీవల విజయనగరమున ఆ నాటకమును చూచుచుండగా మా నవ్వు నడుమ నాగిపోయినది. మాతో పనిచేయు ఉపాధ్యాయిని యొకరు ప్రక్క వరుసనుండి వంగి, "మాస్టారూ, ఈవిడ పేరేమిటండీ?" అని యడిగిరి. మాకు తోచలేదు. ఇంటికి వచ్చి పుస్తకము తిరుగవేసితిమి. ఆమెకు పేరు లేదు. ఆమె వృత్తియే ఆమె పేరు.

అడిగిన యుపాధ్యాయినికి నలువది యేండ్లు దాటినవి. పదియేండ్ల క్రిందట న్యాయస్థానమున విడాకులు పొందినవారు. శ్రీకాకుళమున నున్న యొక యుద్యోగి, తానును విడాకులు పొందినవాడే, ఆమెను వివాహమాడ గోరి యుత్తరము వ్రాసి నాలుగు మాసములైనది. ఆమె యింకను బదులు వ్రాయలేదు. ఎందువలన నని యడుగగా "నవ్వుతారండీ" అనిరి. ఆమె యనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాము. ఈ వ్యాసమంతయు ఆ యొక్క మాటకు వ్యాఖ్యానము.

గురజాడ అప్పారావుగారిని తప్పు పట్టుట మా యుద్దేశము కాదు. కన్యాశుల్కము 1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో పెంపుచేయబడిన రూపమున వెలువడినది. విశాఖపట్టణ మండలపు బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్ల కాలమున జరిగిన శుల్కవివాహముల పట్టికలో 1,034 పెండ్లిండ్లు చేరెనని తొలికూర్పు పీఠికయే చెప్పుచున్నది. అందు అయిదవయేట పెండ్లియైన బాలికలు 99 మంది. ఏడాది ప్రాయపు పసికందులు ముగ్గురు. ఇల్లు కాలుచున్నప్పుడు మొదట పసివారిని బయటకు తెచ్చుట న్యాయమే. అయితే ఆ పసివారును ఒకనాటికి నడివయసు వారగుదురు కదా! అయిదవయేట అమ్మబడిన పిల్ల యెవరిని వరించినది? ఆమె నలువదవయేట ఒకనియందు మనసు నిలిపినచో దానిని రెండవ ప్రేమ యని యెట్లందుము? అదియే ఆమెకు మొదటిది.

నాటకమున బుచ్చమ్మ బాలవితంతువు. ఆమెపై మనకు జాలి. లుబ్ధావధానులు ముసలి వరుడు. ఆతనిని చూచి నవ్వుదుము గాని ఆతనికి పిల్ల దొరకదని యెవరును అనుకొనరు. పూటకూళ్లమ్మ తన రెక్కల కష్టముపై బ్రదుకు వితంతువు. గిరీశము ఆమె యన్నము తిని, ఆమె సొమ్ము వాడుకొని, మధురవాణి యింట చేరెను. మోసపోయినది ఆమె, నవ్వులపాలైనదియు ఆమెయే. వయసు మీరిన స్త్రీకి మనసుండుటయే హాస్యాస్పదమని నాటకము చెప్పుటలేదు. ఆ మాట చెప్పుచున్నది మన నవ్వు. మా యభియోగము కవిపై గాదు, ప్రేక్షకులపైన. అందు మేమును ఉన్నాము.

దాంపత్యమునకు రెండవ అవకాశమును గురజాడవారే 1910లో "దిద్దుబాటు" కథలో నిచ్చిరి. సానిపాటలకు మరగి రాత్రులు ప్రొద్దుపోయి యిల్లు చేరు గోపాలరావునకు ఒకనాడు భార్య కనబడదు. కన్నవారింటికి పోవుచున్నానని కమలిని వ్రాసిన యుత్తరము కనబడును. ఆతడు పశ్చాత్తాపపడును, మంచము క్రిందినుండి నవ్వు వినవచ్చును. మనోహరమైన కథ. కాని కమలిని నిజముగా పోలేదు. పోయియున్నచో? పదియేండ్లు గడచి, తలలు నెరసిన పిమ్మట వారిరువు రెదురుపడినచో ఏమి మాటలాడుకొందురు? ఆ కథను గురజాడవారు తరువాతి వారికి విడిచిపోయిరి. తరువాతి వారు వితంతువును గూర్చియు, వేశ్యను గూర్చియు, చదువుకొన్న కన్యను గూర్చియు విరివిగా వ్రాసిరి. విడిపోయి నడివయసు చేరిన స్త్రీని అరుదుగా తలచిరి.

పూర్వకవులు ఈ పునస్సమాగమమును ఎరుగనివారు కారు. దుష్యంతునిచే నిరాకృతయైన శకుంతల మారీచాశ్రమమున ఏకవేణియై కనబడును. ఆతడామె పాదములపై బడును. భవభూతి ఉత్తరరామచరితమున ముసలితనముచే రుచి తగ్గని ప్రేమను రామునిచే మెచ్చించెను. మెచ్చిన యా ప్రథమాంకముననే సీతను విడిపించెను. పండ్రెండేండ్ల పిమ్మట మరల కలిపెను. ఆంగ్లమున షేక్స్పియరు వ్రాసిన వింటర్స్ టేల్ నాటకమున పదునారేండ్లకు హెర్మయొనీ శిలావిగ్రహము వలె భర్త యెదుట నిలుచును. తన భార్యకు ముఖమున ఇన్ని ముడుతలు లేవే యని లియోంటీసు ఆశ్చర్యపడును. నడివయసు ముఖమును దాచక చూపిన యా కవికి నమస్కారము.

అయినను మూడింటను ఒక పోలిక గలదు. తప్పు పురుషునిది, తపస్సు స్త్రీది. ఎదురుచూచిన యామెకు బహుమానముగా దొరకునది ఆ భర్తయే. హెర్మయొనీ ఆతనిని కౌగిలించుకొనును గాని ఆతనితో ఒక్క మాటయు నాడదు, మాటలాడునది కూతురితో. ఆ మౌనమున ఎంత యర్థమున్నదో మేము చాలకాలమునకు గాని గ్రహింపలేదు. ఎదురుచూడక, విడాకులు పొంది, తన బ్రదుకు తాను దిద్దుకొని, స్వేచ్ఛతో మరియొకనిని వరించు స్త్రీకి ఈ కావ్యములలో చోటు లేదు.

శాస్త్రమడ్డు వచ్చునా? పరాశరస్మృతి అయిదాపదలందు స్త్రీకి మరియొక భర్తను చెప్పినది. పరస్పర ద్వేషమున్నచో విడిపోవచ్చునని కౌటిల్యుడు చెప్పెను. ధర్మవివాహములకు మాత్రము ఆ వెసులుబాటు నీయలేదు. చట్టమడ్డు వచ్చునా? 1856లో వితంతు పునర్వివాహ చట్టము వచ్చినది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. 1949లో మద్రాసు రాష్ట్రమున హిందువుల విడాకులకు చట్టమైనది. పిమ్మట 1955 నాటి హిందూ వివాహ చట్టము. 1976లో ఉభయుల సమ్మతిపై విడిపోవు మార్గమును అందు చేర్చిరి. కాబట్టి శాస్త్రమును చట్టమును త్రోవ విడిచినవి. మిగిలిన యడ్డు నవ్వొక్కటియే.

ఈ నవ్వు మన సీమయంతటను లేదు. ఉత్తరాంధ్రపు పల్లెలలో సేద్యము చేయువారిలోను, చేపలు పట్టువారిలోను పెక్కు కులములకు మారుమనువు తాతలనాటి ఆచారము. కులపెద్దల యెదుట తగవు తీర్చి, మొదటివాని ఓలి సొమ్ము మరల ముట్టజెప్పి, స్త్రీ మరియొక యిల్లు చేరెడిది. ఇట్టి యాచారపు విడాకులను 1955 నాటి చట్టమును కాదనలేదు. ఇది స్వర్గమని మేమనము. చేతులు మారిన సొమ్ము ఇద్దరు మగవారిది. ఆడుదానికి వెల కట్టుట అక్కడను కలదు. కాని ఆమె రెండవ కాపురమును చూచి ఊరు నవ్వలేదు. ఆ కులములవారే నేడు నాలుగక్షరములు నేర్చి, నాలుగు రూపాయలు గడించి, మారుమనువును మానుట మర్యాద యనుకొనుచున్నారు. మనము వారికి నేర్పిన సంస్కారమిదియా?

మేము రచయితలను కోరునది విప్లవము కాదు, వివరము. నడివయసు ప్రేమలో వెన్నెల తక్కువ, లెక్కలు ఎక్కువ. కొమార్తె కళాశాల రుసుము, ముసలితల్లి మందులు, మొదటి పెండ్లి మిగిల్చిన భయము, ఎవరి యిల్లు ఎవరు విడువవలెనన్న ప్రశ్న: వీని నడుమ నొకరి కొకరు తోడు కావలెనని ఇద్దరు పెద్దవారు అడుగుకొనుటలో గల ధైర్యము పదునెనిమిదేండ్ల వారి ధైర్యము కన్న తక్కువది కాదు. దానిని జాలితో గాక, ఎగతాళితో గాక, సమానముగా చూచి వ్రాసినవాడు సంఘమునకు ఒక చట్టమంత మేలు చేయును.

మా సహోద్యోగిని ఏమని బదులు వ్రాయవలెనో చెప్పుటకు మాకధికారము లేదు. ఒప్పుకొనుటయు కాదనుటయు ఆమె యిష్టము. కాని ఆ నిర్ణయము ఆమె మనసునుండి రావలెను గాని మన నవ్వునకు వెరచి కాదు. చదువరులారా, ఇక ముందు మీరు కన్యాశుల్కము చూచునప్పుడు చీపురు ఘట్టము రాకమానదు. నవ్వుడు, నవ్వవలసినదే. గిరీశమును చూచి నవ్వుడు.