చింత, సమాధానం: ఫిలిప్పీయుల పత్రికలో రెండు పదాలు

తెలుగు క్రైస్తవ వాఙ్మయంలో మనశ్శాంతి భావన ఎక్కువగా 'సమాధానం' అనే పదాన్ని ఆశ్రయించి ఉంది. గ్రీకు మూలంలోని 'ఐరేనే' అనే ఒకే పదాన్ని తెలుగు బైబిలు రెండు విధాలుగా అనువదించింది. యోహాను సువార్త 14వ అధ్యాయంలో అది 'శాంతి'. ఫిలిప్పీయుల పత్రిక 4వ అధ్యాయంలో 'సమాధానము'. ఈ రెండవ ఎంపిక పరిశీలింపదగినది.

తెలుగులో 'చింత'కు ఆలోచన, దిగులు అనే రెండర్థాలున్నాయి. ఒకచోట నిలవక చెదరిన ఆలోచనే దిగులు. దానికి ఎదురుగా నిలిచే పదం 'సమాధానం'. చక్కగా కూర్చి నిలపడం దీని వ్యుత్పత్త్యర్థం. వేదాంతంలో శమాది షట్కసంపత్తిలోని చిత్తైకాగ్రతకు ఇదే పేరు. వ్యవహారంలో మాత్రం ఇది ప్రశ్నకు జవాబు.

బంధకాలలో ఉండి రాసిన ఈ పత్రికలో పౌలు చింతను విన్నపంగా మార్చుకోమంటాడు. కోరినది లభిస్తుందన్న హామీ ఆ వాక్యాలలో లేదు. హృదయాలకూ తలంపులకూ దేవుని సమాధానం కావలి ఉంటుందన్నదే హామీ. ఇక్కడ తెలుగు పాఠకుడికి మూలంలో లేని శ్లేష స్ఫురిస్తుంది: విన్నపానికి వచ్చే జవాబు చిత్తస్థైర్యమే.

అయితే జవాబు అనే అర్థమే ప్రబలితే విశ్వాసం కోరికల బేరంగా కుదించుకుపోతుంది. ఆ ప్రమాదాన్ని 'కావలి' అనే మాట నివారిస్తున్నది. కావలి అవసరమైనచోట ఆపద ఇంకా తొలగలేదు. పత్రిక ప్రతిపాదించే ఉపశమనం ఆపద లేకపోవడం కాదు, ఆపద నడుమ మనసు చెదరకుండటం.