హంపీక్షేత్రమున వంతెన వివాదము: ఒక విమర్శ

తుంగభద్రకు దక్షిణపు గట్టున హంపి, ఉత్తరపు గట్టున ఆనెగొంది. నడుమ నున్నది తలారిఘట్టపు రేవు. ఈ రేవున వంతెన కట్టవచ్చునా, కట్టరాదా యను ప్రశ్న 1990 దశకము మొదలుకొని చిరకాలము పండితులను, ప్రభుత్వమును, అంతర్జాతీయ సంస్థలను, రెండు గట్టుల గ్రామస్థులను కలవరపెట్టినది. తుదకు 2009 జనవరిలో, పని ఇంకను సాగుచుండగనే, ఆ వంతెన కూలి నదిలో పడినది. దానిపై పనిచేయుచున్న కూలీలు కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఈ వివాదమున గెలిచినవారెవ్వరును లేరు. కావుననే దీనిని పక్షపాతము లేక పరిశీలింపవలసి యున్నది. ప్రాచీన స్థలముల చెంత బాటలు వేయుటను ప్రజలు ప్రతిఘటించునపుడు ఆ ప్రతిఘటనము ఎంతవరకు న్యాయ్యము, ఎచ్చట లోపభూయిష్ఠము అను విషయమును హంపి ఉదాహరణము విశదము చేయగలదు.

హంపి తెలుగువారికి పరాయిస్థలము కాదు. కృష్ణరాయలు ఆముక్తమాల్యదను రచించినదియు, పెద్దనాదులు మన్ననలందినదియు ఈ నగరముననే. బళ్ళారి నాటకరంగము ఈ నగర పతనమునే ఇతివృత్తముగా గైకొని ప్రేక్షకులను కంటతడి పెట్టించినది. కోలాచలము శ్రీనివాసరావు నాటకమున పఠాను రుస్తుము పాత్రకు బళ్ళారి రాఘవ ప్రాణము పోసెను. కొడాలి వెంకట సుబ్బారావు ‘హంపీక్షేత్రము’ను కావ్యముగా రచించెను. 1953లో ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు హోసపేట తాలూకా మైసూరు రాష్ట్రమున చేరినను తెలుగువారి మనస్సులు ఆ శిలలను వీడలేదు. అంతియ కాదు. తుంగభద్ర ఆనకట్ట వెలసిన పిదప కోస్తా జిల్లాల రైతులు గంగావతి, కారటగి, సింధనూరు ప్రాంతములకు తరలివచ్చి, ‘క్యాంపు’లని పిలువబడు పల్లెలు నిర్మించుకొని, మాగాణి సేద్యము సాగించిరి. వీరికి ఆ నది చరిత్ర మాత్రమే కాదు. దినదినమును దాటవలసిన నీరు కూడ. హంపిని తలచి నిట్టూర్చు తెలుగువాడును, వడ్ల బండి ఎటు తోలవలెనా యని ఆలోచించు తెలుగువాడును ఈ వివాదమున చెరియొక గట్టున నిలిచియున్నారనుట అతిశయోక్తి కాదు.

రేవు కథ నగర కథకంటె ప్రాచీనము. విజయనగరము కంటె ముందే ఆనెగొంది ప్రసిద్ధమై యుండెను. జనశ్రుతి దానినే కిష్కింధ యనుచున్నది. 1520 ప్రాంతమున నగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్ ఈ రేవును వర్ణించుచు, లోపల వెదురుబద్దలల్లి వెలుపల తోలు కప్పిన గంపలవంటి గుండ్రని పడవలలో పదునైదుగురు, ఇరువదిమంది నదిని దాటుచుండిరనియు, అవసరమైనచో గుఱ్ఱములు, ఎద్దులు సైత మావిధముగనే దాటగలవనియు వ్రాసెను. ఆ పడవలే నేటి పుట్టులు. ఐదువందల ఏండ్ల వర్ణనము నేటికిని అక్కరకు వచ్చుట ప్రపంచమున అరుదు. అయితే ఈ పుట్టులను మాత్రమే చూచి, ప్రాచీనులు వంతెన నెరుగరని తలచరాదు. విఠలాలయమునకు చేరువ నదీగర్భమున వరుసగా నిలిచిన రాతికంబములు ఆ కాలపు వంతెన యొక్క అవశేషములే. అనగా, నదిని దాటవలెనను కోరిక ఆ నగరమునకు శత్రువు కాదు. ఆ నగర జీవితములోని భాగమే.

ఇక వివాద క్రమమును సంగ్రహముగా చెప్పవలెనన్న, 1986లో యునెస్కో హంపి కట్టడములను ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చెను. తరువాతి దశకమున రెండు వేలాడు వంతెనల నిర్మాణము ఆరంభమైనది. ఒకటి తలారిఘట్టమునుండి ఆనెగొందికి వాహనములు పోవుటకు. రెండవది హంపినుండి విరూపాపురగడ్డకు కాలినడకన పోవుటకు. రెండును రక్షిత ప్రాంతములోనివే. దేశవిదేశములందలి పురాతత్త్వజ్ఞులు, వారసత్వ పరిరక్షకులు అభ్యంతరము తెలిపిరి. 1999లో యునెస్కో సంఘము హంపిని ‘ఆపదలోనున్న’ స్థలముల పట్టికలో చేర్చెను. కాలినడక వంతెన పూర్తికాకయే విడువబడినది. కర్ణాటక ప్రభుత్వము 2002లో హంపి నిర్వహణకై ప్రత్యేక ప్రాధికార సంస్థను ఏర్పరచు శాసనమును చేసెను. 2006లో హంపి ఆపద పట్టికనుండి తొలగింపబడినది. ఆనెగొంది వంతెన పని ఆగుచు సాగుచు వచ్చి, పైన చెప్పినట్లు 2009లో దుర్ఘటనముతో ముగిసినది. అటుపిమ్మట దిగువన, బుక్కసాగరము, కడెబాగిలు గ్రామముల నడుమ, వేరొక వంతెన వెలసినది.

వంతెనను ప్రతిఘటించినవారి వాదము బలమైనది. హంపి ఒక గుడి కాదు, ఒక కోట కాదు. నాలుగు వేల హెక్టార్లకు మించిన నేలపై పరచుకొన్న నగరము. గుండ్లగుట్టలు, కాలువలు, అరటితోటలు, బజారులు, ద్వారములు, మంటపములు, నది, అన్నియు కలిసి ఒక్క దృశ్యము. అందు నడుమ ఎత్తైన కాంక్రీటు స్తంభములు నిలిపి ఇనుప త్రాళ్ళు బిగించుట ఆ దృశ్యమును చీల్చుటయే. అంతకంటె ముఖ్యమైన దింకొకటి కలదు. వంతెన ఒంటరిగా రాదు. తన వెంట బాటను, బాట వెంట లారీలను, లారీల వెంట అంగళ్ళను తెచ్చును. కమలాపురమునుండి ఆనెగొందికి పోవు దారి తలారిఘట్టపు రాతిద్వారము గుండా పోవుచున్నది. అది ఏనుగులకు, గుఱ్ఱములకు, బండ్లకు కట్టిన ద్వారము. సున్నము లేకయే రాతిపై రాయి పేర్చిన గోడలు పెక్కు గల నగరమున బరువు వాహనముల అదురు నిత్యకృత్యమైనచో దాని ఫలము ఒక్కనాట కనబడదు. కనబడునాటికి చేయగలిగిన దేమియు నుండదు.

వంతెనను కోరినవారి వాదమును తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆనకట్టనుండి నీరు విడిచినపుడు తుంగభద్ర పొంగి పుట్టులు ఆగిపోవును. అపుడు ఎదుటి గట్టు కంటికి కనబడుచున్నను అచ్చటికి చేరుటకు బహుదూరము చుట్టి రావలెను. ప్రసవవేదన పడు స్త్రీకి, పరీక్షకు పోవు బాలునకు, సంతకు కూరగాయలు తెచ్చు రైతునకు ఈ చుట్టుదారి ఎంతటి శిక్షయో వేరుగ వర్ణింప బనిలేదు. మరియొక చారిత్రక కారణమును కలదు. 1956 వరకు ఆనెగొంది హైదరాబాదు రాజ్యములోనిది. హంపి ఆ రాజ్యమునకు వెలుపలిది. నాడు నది రాజ్యముల సరిహద్దు. నేడు రెండు గట్టులును ఒక్క రాష్ట్రములోనివే యైనను, ఒకటి విజయనగర జిల్లాలోను, రెండవది కొప్పళ జిల్లాలోను ఉన్నవి. సరిహద్దు పోయినను దాని వెలితి తీరలేదు. ఆ వెలితిని పూడ్చుమని అడుగుట అపరాధ మెట్లగును?

ఇచ్చటనే ప్రతిఘటనము లోని మొదటి లోపము బయల్పడుచున్నది. ‘ప్రజాభిప్రాయము’ అను మాటను ఇరుపక్షములవారును వాడిరి. కాని ఆ ప్రజ ఒక్కటి కాదు. హంపిని చూచుటకు వచ్చు ప్రజ వేరు, నదిని దాటుటకు వచ్చు ప్రజ వేరు. దూరస్థులైన పండితులకు పుట్టి ఐదువందల ఏండ్ల జీవన్మూర్తి. పొంగిన నదిలో బిడ్డను ఎత్తుకొని కూర్చున్న తల్లికి అది భయము. పరిరక్షకులు ‘వద్దు’ అనుటలో చూపిన శ్రద్ధను ‘ఎచ్చట కావలెను’ అనుటలో మొదటినుండి చూపియుండినచో గ్రామస్థులు వారిని విరోధులుగా ఎంచెడివారు కారు. 2011 జూలైలో హంపి బజారు మంటపములందు కాపురముండినవారి ఇండ్లు తొలగింపబడినపుడు ఈ అనుమానము మరింత బలపడినది. శిలలకు గల హక్కు మనుష్యులకు లేదా యని అడిగినవారికి సరియైన సమాధానము దొరకలేదు. వారసత్వమను మాట స్థానికుల నోట చేదైనచో ఆ వారసత్వమును కాపాడువారెవరు?

రెండవ లోపము వంతెనను తలపెట్టినవారిది. అది ఇంకను పెద్దది. అవసరము నిజము, ఎంచుకొన్న స్థలము తప్పు. దిగువన వేరొక చోట వంతెన సాధ్యమేనని తరువాతి కాలము ఋజువు చేసినది. ఆ పరిశీలనము స్తంభములు నిలుపుటకు ముందే జరిగియుండవలసినది. ధనము వెచ్చించి, పని సగమైన పిదప ఆలోచించుట చేతులు కాలిన వెనుక ఆకులు పట్టుకొన్నట్లే. చట్టమును ఇందుకు కొంత బాధ్యము. 1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టము క్రింద 1992లో వెలువడిన ప్రకటన రక్షిత కట్టడము చుట్టును నూరు మీటర్లు నిషిద్ధ ప్రాంతముగను, అటుపై మరి రెండువందల మీటర్లు నియంత్రిత ప్రాంతముగను నిర్ణయించెను. విడిగా నున్న గుడికి ఈ కొలత చాలును. నగరమే కట్టడమైన చోట, గుడికిని గుడికిని నడుమనున్న నేలయు చరిత్రయే యైన చోట, ఈ వలయములు చాలవు. వలయమునకు వెలుపల నున్నంత మాత్రమున ఆ నేల మూగది కాదు.

ఇతర దేశముల అనుభవమును ఇచ్చట పోల్చి చూడదగును. ఐర్లండున పూర్వరాజుల పీఠమగు తారా కొండ చెంత ఎమ్-3 రహదారిని ప్రజలు తీవ్రముగా ప్రతిఘటించిరి. 2007లో లిస్ముల్లిన్ వద్ద ప్రాచీన వలయాకార నిర్మాణపు జాడ బయల్పడినది. త్రవ్వి, వివరములు లిఖించి, దానిపైననే బాట వేసిరి. 2010లో రహదారి తెరువబడినది. ఇంగ్లండున స్టోన్‌హెంజ్ శిలావలయము చెంత ఎ-303 బాటకై సొరంగము త్రవ్వు యోజనకు 2020లో లభించిన అనుమతిని 2021లో ఉన్నత న్యాయస్థానము కొట్టివేసెను. 2023లో ప్రభుత్వము మరల అనుమతించెను. 2024లో క్రొత్త ప్రభుత్వము వ్యయము మోయలేమని యోజననే విడిచెను. అచ్చట స్థలమును తుదకు కాపాడినది వాదబలము కాదు, బొక్కసపు లేమి. తారా వద్ద బాట గెలిచెను, స్టోన్‌హెంజ్ వద్ద లెక్కలు గెలిచెను, హంపిలో నది తీర్పు చెప్పెను. మూడింటను కానరానిది ఒక్కటే: మొదటి గీత గీయుటకు పూర్వమే ఇరుపక్షములు కూర్చుండి చేసికొన్న నిర్ణయము.

తెలుగుదేశమునకు ఇట్టి సందిగ్ధము క్రొత్త కాదు. 1955లో నాగార్జునసాగరమునకు పునాది వేసిరి. దానికొకయేడు ముందే ఆరంభమైన త్రవ్వకములు 1960 వరకు సాగినవి. ఇక్ష్వాకుల విజయపురి నీట మునుగుటకు ముందే వెలికివచ్చెను. కొన్ని కట్టడములు కొండపైనను, అనుపు వద్దను పునర్నిర్మింపబడినవి. శ్రీశైల జలాశయము నిండునపుడు కూడవెల్లి సంగమేశ్వరాలయము రాయి రాయిగ విప్పబడి ఆలంపురమున నిలుపబడినది. ఈ కార్యములందు నష్టము లేదని కాదు. పోయిన నేల పోయినదే. కాని అచ్చట పొలమునకు నీరు కావలెనను సత్యమును, శిల మిగులవలెనను సత్యమును రెంటిని అంగీకరించి పనిచేసిరి. హంపిలో కొరవడినది ఈ అంగీకారమే. పైగా నాగార్జునకొండను తరలింపవచ్చును గాని, నదిని, గుట్టలను, నగరమును ఎత్తి వేరొక చోట పెట్టుట సాధ్యము కాదు. కదల్పవలసినది వంతెననే.

హంపిని గూర్చిన తెలుగు రచనలకును ఈ విమర్శ కొంత వర్తించును. అవి సామాన్యముగా పతనమును తలచి శోకించినవి. ఆ శోకము సత్యమైనది. పాఠకుల హృదయములలో హంపిని సజీవముగా నిలిపినదియు అదియే. కాని శోకించు కంటికి విరిగిన స్తంభము కనబడినంత స్పష్టముగా రేవున నిలిచిన మనిషి కనబడడు. నగరము చచ్చినదని పాడిన చోటనే ఆనెగొంది బ్రతికియున్నది. అచ్చట నారు పోయుచున్నారు, అరటి నాటుచున్నారు, నది నడిమి నవబృందావనమునకు నేటికిని భక్తులు పడవలోనే పోవుచున్నారు. హంపిని ప్రేమించుటయనగా 1565లో ఆగిపోయిన నగరమును మాత్రమే ప్రేమించుట కాదు. అటుపిమ్మటను ఆ నీటిని దాటుచున్న జనమును కూడ ప్రేమించుట.

కావున ప్రాచీన స్థలముల చెంత బాటలను ప్రతిఘటించుట తప్పు కాదు. పలుచోట్ల అది ఆవశ్యకము. కాని బాట వద్దనువారు వేరొక బాట చూపవలెను. బాట కావలెననువారు ఆ నేల ఏమి మోయుచున్నదో ముందుగా తెలిసికొనవలెను. ఏరు దాటిన పిదప తెప్ప తగులబెట్టుట లోకమున ఎరిగినదే; తలారిఘట్టమున ఏరు దాటకమునుపే తెప్పపై తగవు సాగినది. నేడు దిగువనున్న వంతెనపై బండ్లు పోవుచున్నవి. తలారిఘట్టపు ద్వారము నిలిచియున్నది. మొదటనే ఇట్లు చేసియుండినచో ఒక దశాబ్దపు కలహమును తప్పియుండెడిది. నదిపాలైన ఆ కూలీలు తమ ఇండ్లకు చేరియుండెడివారు. వారి పేర్లు ఏ శిలాశాసనమునను లేవు. హంపి చరిత్ర వ్రాయువారు వారిని మరువరాదు.