సెంబేన్ ‘మందబి’ – గ్రంథభాష, ప్రజాభాష

పరపాలన నుండి విముక్తి పొందిన దేశాల సాహిత్యాన్ని, చలనచిత్రాలను కలిపి పరిశీలించే విమర్శకులు సాధారణంగా ఒక ప్రశ్నతో ఆరంభిస్తారు: నవల తెరకెక్కినప్పుడు మూలానికి ఎంతవరకు విధేయంగా ఉన్నది? ఈ ప్రశ్న అన్నిచోట్లా అక్కరకు రాదు. రచయితయే దర్శకుడైనప్పుడు, ఆ విధేయత గ్రంథానికా, గ్రంథంలోని మనుష్యులకా అని అడుగవలసి వస్తుంది. సెనెగల్ దేశీయుడైన ఉస్మాన్ సెంబేన్ (1923–2007) కృషి ఇందుకు మంచి నిదర్శనం.

మార్సేయ్ రేవులో కూలిపని చేసిన సెంబేన్ ఫ్రెంచి భాషలో నవలలు వ్రాసి కీర్తి గడించినాడు. కాని అతని దేశస్థులలో అత్యధికులకు ఆ భాష చదువ రాదు. ఎవరి కష్టాలను వ్రాసినాడో వారికే ఆ వ్రాత అందలేదు. అందుచేత నలభై ఏండ్లకు దగ్గరపడిన వయస్సులో మాస్కో వెళ్ళి చలనచిత్రకళ నేర్చినాడు.

1966లో తీసిన ‘లా న్వార్ ద...’ అనే చిత్రంలో, డకార్ నుండి ఫ్రాన్సుకు దాసిగా వెళ్ళిన ఒక యువతి కథ చెప్పినాడు. ఆమెకు చదువు రాదు. అయినను ఆమె అంతరంగం మనకు ఫ్రెంచిలోనే వినిపిస్తుంది. యజమానుల భాషలో దాసి దుఃఖించడం ఆ ఉత్తమ చిత్రంలో మిగిలిపోయిన లోపమనక తప్పదు.

ఈ లోపాన్ని దిద్దినది 1968 నాటి ‘మందబి’. దీనికి మూలం 1966లో వెలువడిన ‘ల మందా’ అనే అతని ఫ్రెంచి నవలిక. కథ స్వల్పమే. డకార్ నగరంలో ఇబ్రహీమా డియెంగ్ అనే నిరుద్యోగికి, పారిస్ వీధులు ఊడ్చే మేనల్లుడు 25,000 ఫ్రాంకుల మనియార్డరు పంపుతాడు. అందులో 20,000 దాచి ఉంచవలసినది. 3,000 మేనల్లుని తల్లికి. డియెంగుకు దక్కేది 2,000 మాత్రమే. తపాలా కచేరిలో గుర్తింపు పత్రం చూపమంటారు. దానికి జనన పత్రం కావాలి. జనన పత్రానికి పుట్టిన తేది కావాలి. అది అతనికి తెలియదు. పైకం చేతికి రాకముందే ఇంటివారు అరువు తెస్తారు, ఇరుగుపొరుగు చేయి చాపుతారు. తుదకు చదువుకొన్న పెద్దమనిషి ఒకడు అధికార పత్రం వ్రాయించుకొని సొమ్ము కాజేసి, జేబుదొంగ కొట్టుకొనిపోయినాడని బొంకుతాడు.

నవలికలో ఈ కథ అంతా ఫ్రెంచిలోనే నడుస్తుంది. డియెంగును కచేరి గడప వద్ద నిలిపివేసినదీ ఆ భాషయే. తన కథ అచ్చుపడిన పుస్తకాన్ని అతని చేతిలో పెట్టినా చదువుకోలేడు. కచేరి గోడ వంటిదే గ్రంథానికీ ఉన్నది. చిత్రంలో డియెంగు తన వొలోఫు భాషలో మాట్లాడుతాడు. అధికారుల నోట ఫ్రెంచి వస్తుంది. పుస్తకంలో మనం ఊహించుకోవలసిన గోడ ఇక్కడ చెవికి తగులుతుంది. ‘మందబి’ అన్న పేరే ఫ్రెంచి పదానికి వొలోఫు ప్రత్యయం చేర్చినది; మనం మనియార్డరుకు ఉకారం చేర్చి మనదిగా చేసుకొన్నట్లే.

ఈ మార్పులో నష్టం లేదనలేము. నవలికలోని కథకుడు డియెంగు లోపలి సిగ్గును, ఆశను విప్పి చెప్పగలడు. తెరపై అతనిని వెలుపలి నుండియే చూస్తాము; ఒక్కొక్కచోట అతని దైన్యం కేవలం హాస్యంగా మిగిలిపోతుంది. పైగా చిత్రానికి ఫ్రెంచి ప్రభుత్వ సంస్థ ధనసహాయం చేసినందున, వొలోఫు ప్రతితోపాటు ఫ్రెంచి ప్రతి కూడా తీయవలసి వచ్చినది. 1960లో స్వాతంత్ర్యం వచ్చినా, మాతృభాషలో మాట్లాడుటకు పూర్వపు ప్రభువుల ధనం కావలసి వచ్చెనన్నమాట.

అయినను సెంబేన్ చిత్రంతో తృప్తి చెందలేదు. 1970 దశకం ఆరంభంలో మిత్రులతో కలిసి వొలోఫు భాషలో ‘కద్దు’ అనే పత్రిక నడిపినాడు. ఆ మాటకు వారి భాషలో ‘పలుకు’ అని అర్థం. తెలుగులో కద్దు అంటే ఉన్నదని అర్థం కావడం యాదృచ్ఛికమే అయినా ముచ్చట గొలుపుతుంది. చెవికి అందిన భాష కంటికి కూడా అందవలెనని అతడు గ్రహించినాడు. చలనచిత్రం అక్షరానికి బదులు కాదనుటకు ఆ చిత్రకారుని ఆచరణయే సాక్ష్యం.

ఈ గోడ మనవారికి కొత్త కాదు. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండిన యానాంలో, ఇంట తెలుగు, కచేరిలో ఫ్రెంచి అన్న స్థితిని పెద్దతరం అనుభవించినది. కర్ణాటకలో, తమిళనాటిలో, ఒడిశాలో, మహారాష్ట్రలో తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాలలో నేడు మరొక స్థితి కానవస్తున్నది. తెలుగు చిత్రాలు చూచి ఆనందించే పిల్లలు, తాత వ్రాసిన ఉత్తరాన్ని కూడబలుక్కొని అయినా చదువలేరు. మన ఎడబాటుకు కారణం పరప్రభుత్వం కాదు. ఇరుగుపొరుగు భాషలు మనకు శత్రువులూ కావు. కాని ఫలితంలో పోలిక ఉన్నది. ఉత్తరాన్ని మరొకరిచేత చదివించుకొనవలసిన వానికి తన ఇంటి మాట కూడా అన్యుల చేతిలోనిదే. డియెంగు సొమ్ము పోయినది ఆ దారినే.

సినిమా మన బిడ్డల చెవిలో తెలుగును నిలిపినది, అందుకు కృతజ్ఞులము. వారి కంటికి అక్షరాన్ని అందించే భారం మాత్రం మనదే.