పొట్టి తుపాకీ, గట్టి తన్ను

డాలస్‌లో మనవాళ్ల విందుల్లో నా దగ్గర రైఫిల్ ఉందని తెలిసినవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు: "గ్రీన్ కార్డ్ వచ్చిందా?", "అయినా మీకెందుకండీ అది?" మొదటిదాంట్లో లోకజ్ఞానం ఉంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడానికి ఇక్కడి ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు, వేట లైసెన్సులాంటి కొన్ని మినహాయింపులు తప్ప. రెండోదానికే తడుముకుంటాను.

నాది మార్లిన్ కంపెనీ 1895 మోడల్‌లో గైడ్ గన్ అనే పొట్టి రకం, 1998లో వచ్చింది. అలాస్కా ఎలుగుబంట్ల అడవుల్లో తిరిగే గైడ్ల పేరు పెట్టుకుంది. బ్యారెల్ పద్దెనిమిదిన్నర అంగుళాలు, బరువు సుమారు ఏడు పౌండ్లు. తూటా మాత్రం అమెరికా సైన్యం 1873లో చేపట్టిన .45-70. పాత కొలతలో దాని సీసం 405 గ్రెయిన్లు, మన లెక్కలో రెండు తులాలకు పైమాటే. అంత బరువు ముందుకు దూకితే తేలికపాటి తుపాకీ వెనక్కి తన్నక ఏం చేస్తుంది? పొట్టి బ్యారెల్ కదా, మోత కూడా మొహానికి దగ్గర్లోనే. చెవుల్లో బిరడాలు పెట్టుకుని పైన మఫ్స్ కూడా తగిలిస్తాను.

తూటా ముక్కు బల్లపరుపుగా ఉండేది అందం కోసం కాదు. బ్యారెల్ కింది గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి బారుగా ఉంటాయి. గట్టి మొన ఉంటే అది ముందుదాని అడుగున మందు అంటించే ప్రైమర్‌ని గుద్ది లోపలే పేల్చవచ్చు.

తన్నుకన్నా పెద్ద చిక్కు, తన్నుతుందన్న భయం. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకుపోతాయి, భుజం ముందుకు తోసుకొస్తుంది, గురి నేల చూస్తుంది. కాల్చేవాడికి ఇది తెలియదు, మోతలో కలిసిపోతుంది. దీన్ని పట్టుకునే ఉపాయం ఒకటుంది. మిత్రుడెవరైనా మనం చూడకుండా అసలు తూటాల మధ్య ఒక డమ్మీ తూటా దూర్చాలి. హ్యామర్ టక్కుమంటుంది, ఏమీ పేలదు, బ్యారెల్ మాత్రం తలొంచుకుంటుంది. ఎంత అనుభవం చెప్పుకునేవాడైనా అక్కడ నోరు మూయాల్సిందే.

మందు తక్కువ తూటాలే ఈ భయానికి విరుగుడు. 1873 నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లు ఇంకా కాల్చేవాళ్లున్నారు, అవి ఎక్కువ ఒత్తిడి తట్టుకోలేవు. అందుకే పెద్ద కంపెనీల మామూలు తూటాలు ఈ కొత్త తుపాకీకి మెత్తగానే ఉంటాయి. బలమైనవి వేరే దొరుకుతాయి. రేంజిలో కుర్రాళ్లు అవే కొని, నాలుగు పేల్చి, భుజం రుద్దుకుంటూ ఫోన్లు తీస్తారు. నా ఉద్దేశంలో టెక్సస్‌లో వాటి పని మీసాలు మెలేయడం వరకే. అడవిపందికి మెత్తనివే ఎక్కువ.

మెత్తనివాటితోనే, ఖాళీ తొడుగు తీసి కొత్త తూటా ఎక్కించే లీవర్ పని కూడా ఒంటబడుతుంది. కట్టె మీంచి చెంప తీయకుండా, లీవర్‌ని చివరిదాకా విదిలించి తోసి, అంతే విసురుగా లాగాలి. ఇక్కడ మర్యాద పనికిరాదు. మొహమాటపడితే ఖాళీ తొడుగు బయటపడక ఇరుక్కుంటుంది. సరిగ్గా ఆడితే కుడిపక్కకి ఎగిరిపడుతుంది, చెయ్యి తనంతట తానే ట్రిగ్గర్ దగ్గరికి వచ్చేస్తుంది. ఎందుకని అడిగినవాళ్లకి చూపించాల్సింది ఇది, విందులో కుదరదు.

దూరం మాత్రం దీని చేతకాదు. వంద గజాలకి సరిచూసిన మామూలు తూటా రెండొందల గజాల దగ్గర సుమారు రెండడుగులు దిగిపోతుంది. అంత ఎత్తున గురిపెట్టి కాల్చేవాళ్లున్నారు. నేను వంద దాటితే పందిని పోనిస్తాను. గాయంతో పొదల్లో దూరినదాన్ని చీకట్లో వెతికే ఓపిక నాకు లేదు.