సమత్వ పరీక్ష

తిరుపతినుండి చిత్తూరునకు బోవు త్రోవలో, కొండల నడుమ, గాదంకి గ్రామమున 53 మెగాహెర్ట్జుల తరంగములను మింటికి బంపి పైపొరల గాలుల గతిని గ్రహించు రాడారు ఒకటి కలదు. మరలివచ్చు ప్రతిధ్వని అతిక్షీణము; దానికొరకు 1024 యాంటెనాలు కాచుకొనియుండును. పరిసరములలోని విద్యుత్తు రొద ఎంత తక్కువైన అంత మేలు గనుక, అట్టి యంత్రము పట్టణపు సందడికి ఎడముగా నుండుట ఉచితమే. కాని ప్రతి సర్క్యూటునకును కొండచాటు లభింపదు. ఒక మిల్లీవోల్టు ప్రాంతమున నుండు గుండె సంకేతమును గొలుచు ఇ.సి.జి. యంత్రము, ట్యూబులైట్లును ఏ.సి.లును నిరంతరము 50 హెర్ట్జుల రొదను వెదజల్లు ఆసుపత్రి గదిలోనే తన పని నెరవేర్చుకొనవలెను.

తప్పించుకొనరాని రొదకు ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయము, దానిని రెండు తీగలపై సమానముగా బడనిచ్చి, పిమ్మట ఒక తీగలోని దానిని రెండవ తీగలోని దానినుండి తీసివేయుటయే. తక్కెడ తట్టలు రెంటిపైనను వాన యొక్కరీతిగా గురిసిన ముల్లు కదలదుగదా! 1881లో గ్రాహంబెల్ టెలిఫోను తీగలను జంటగా పురివెట్టుటకు పేటెంటు పొందినదియు, 1936లో అలన్ బ్లమ్‌లైన్ అను ఆంగ్ల ఇంజనీరు రెండు వాల్వుల కాథోడ్లకు ఒకే రెసిస్టరును ఉమ్మడిగా గట్టిన యాంప్లిఫయరునకు పేటెంటు కోరినదియు ఈ తత్త్వమును ఆశ్రయించియే. నేడు సెల్‌ఫోను బోర్డుమీద ప్రక్కప్రక్కనే సాగు జంట గీతలకును, వాటిలో పొట్టిదానికి బెట్టు చిన్న వంకరలకును మూలమిదియే. బోర్డులో సంకేతము నానోసెకనుకు సుమారు 15 సెంటీమీటర్లు పోవును గనుక, మిల్లీమీటరున్నర తేడా వచ్చిన జంటలో నొకటి పది పికోసెకన్లు వెనుకబడును.

ఈ విద్యలో కష్టమంతయు తీసివేతలో లేదు, సమత్వములో నున్నది. నాలుగు రెసిస్టర్లతో గట్టిన సాధారణ డిఫరెన్షియల్ యాంప్లిఫయరులో, గెయిన్ ఒకటిగా నున్నప్పుడు, ఒక్కొక్క రెసిస్టరు ఒక శాతము తప్పి, ఆ తప్పులన్నియు ఒకదాని కొకటి తోడైనచో, రెండు తీగలపైనను సమానముగా వచ్చిన ఒక వోల్టు రొదలో 20 మిల్లీవోల్టులు బయటికి జొరబడును. మిల్లీవోల్టు గుండెసంకేతమునకు అది ఇరువది రెట్లు! శాతములో పదవవంతు ఖచ్చితత్వముగల రెసిస్టర్లకు హెచ్చు వెల పెట్టుట ఇందుకొరకే.

కావున ఈ సర్క్యూటును పరీక్షించు తీరు వింతగొల్పును. తక్కిన యంత్రములకు పని యిచ్చి ఫలము చూతుము. దీనికి పనికిరాని దాని నిచ్చి శూన్యము కొరకు చూడవలెను. ప్రవేశతీగలు రెంటిని గలిపి ఒకే సంకేతము నిచ్చి, నిర్గమమున ఎంత మిగిలెనో గొలిచిన, సమత్వపు నిజమైన విలువ తెలియును. ఆసిలోస్కోపు ప్రోబు నేలక్లిప్పును జంటలోని ఒక తీగకు దగిలించుట మాత్రము కూడదు. ఆ తీగ నేలతో ముడిపడి, పరీక్షింపవలసిన సమత్వము పరీక్షచేతనే చెడును. రెండు ప్రోబులను రెండు తీగలకును బెట్టి వ్యత్యాసమును స్కోపుచేతనే లెక్కింపజేయుట మేలు.

అయినను బల్లమీద నెగ్గిన సర్క్యూటు మంచముకడ ఓడవచ్చును. ఒక ఎలక్ట్రోడు చెమ్మగిలిన చర్మముపై నుండ, రెండవది మన మే నెల యెండలకు బిరుసెక్కిన చేతిపై నుండిన, తీగలు సమానమైనను వాటి మొదళ్లు సమానములు గావు. అందువలననే ఇ.సి.జి. ప్రమాణములు ఒక తీగలో 51 కిలో ఓములను, వాటికి సమాంతరముగా 47 నానోఫారడ్లను బుద్ధిపూర్వకముగా జేర్చి, ఆ అసమత్వములో గూడ రొదను ద్రోసివేయుమని శాసించుచున్నవి. నాకు ఈ నిబంధన మిక్కిలి న్యాయమని తోచును. కాగితముమీది సమత్వమును మెచ్చుకొనక, లోకములోని హెచ్చుతగ్గులను దెచ్చి యెదుట నిలిపి, ఇప్పుడు నిలువుమనుచున్నది గదా. మన ప్రయోగశాలలలో విద్యార్థి మొదట గెయిన్ గొలిచి, రెండు తీగలకును ఒకే సంకేతము నిచ్చు పై పరీక్షను, అనగా కామన్ మోడ్ పరీక్షను, కాలము మిగిలిన జేయుట వాడుకయై యున్నది. ఆ వరుస తలక్రిందులు కావలెనని నా మనవి.