చిల్లు పెట్టొద్దన్నాను

ఈ గిటారుని చేతికి తీసుకున్నవాళ్ళెవరైనా ముందు అడిగేది ఒక్కటే: "వైరు ఎక్కడ పెట్టాలండీ?" మామూలుగా ఎలక్ట్రిక్ గిటారుకి పావు అంగుళం జాక్ ఉంటుంది. దీనికి అయిదు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంది. పాత టేప్ రికార్డర్ల వెనక ఉండే డిన్ సాకెట్టే. సోవియట్ కర్మాగారాలు తమ గిటార్లకి ఎక్కువగా దీన్నే బిగించేవి.

దీని పేరు యూరల్ 650. మూడు పికప్పులు, మంచి బరువు. తయారైంది స్వెర్ద్‌లోవ్‌స్క్‌లో. 1991లో పాత పేరుకి మళ్ళి యెకాతెరిన్‌బుర్గ్ అయిన ఆ ఊరు ఉక్కుకీ భారీ యంత్రాలకీ పెట్టింది పేరు. అక్కడి గిటారు మన విశాఖ ఉక్కునగరంలో ఓ క్వార్టర్‌లోకి ఎలా చేరిందంటే ఆ ఇంట్లో రెండు కథలు చెబుతారు. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక స్టీల్ ప్లాంటు పనికి వచ్చిన నిపుణుల్లో ఒకాయన తిరిగి వెళ్తూ ఇచ్చాడని ఇంటి పెద్దాయన అంటారు. కాదు, హార్బర్‌లో ఓడ దిగిన రష్యన్ దగ్గర కొన్నదేనని ఇంటావిడ అంటారు. రెండూ జరగదగ్గ ఊరే ఇది. కాగితం ఆధారమేదీ లేదు కాబట్టి రెండు మాటలూ నా నోట్‌బుక్‌లో పక్కపక్కనే రాసుకున్నాను.

రష్యాలో ఇదేమంత అపురూపమైన గిటారు కాదు. ఇక్కడ మాత్రం దీని స్క్రూ ఒకటి పోతే ఇంకోటి దొరకదు. బాగుచేసేవాడికి అరుదైన వస్తువంటే అదే. అందుకే తీసిన ప్రతి ముక్కనీ, తుప్పు తినేసిన దాన్ని కూడా, చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి, ఎక్కడిదో రాసి దాచాను.

పాడు చేసింది ఎక్కువగా సముద్రపు గాలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఇది అటక మీద గుడ్డ సంచిలో ఉందట. తడిసిన సంచి ఎంతకాలం అలాగే ఉండిపోయిందో ఎవరికీ గుర్తులేదు. బ్రిడ్జి స్క్రూలు బిగుసుకుపోయాయి. వాటితో బలవంతం పనికిరాదు. తల అరిగిపోతే ఇక స్క్రూడ్రైవర్‌కి పట్టు దొరకదు. సూది మొనతో ఒక్క చుక్క నూనె వేసి, రాత్రంతా వదిలేసి, మర్నాడు సోల్డరింగ్ ఐరన్ కొనని కాసేపు తల మీద ఆనిస్తాను. వేడికి ఇనుము కాస్త సాగుతుంది, చల్లారితే కుదించుకుంటుంది. ఆ కదలికలోనే తుప్పు పట్టు వదులుతుంది. ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, ఆ తర్వాతే విప్పాలి. తుప్పు గీకడానికి స్టీలు పీచు మాత్రం గిటారు దరిదాపులకి రానివ్వకూడదు. దాని నలుసుల్ని పికప్‌లోని అయస్కాంతం లాగేసుకుంటుంది, ఆ తర్వాత తియ్యడం మహా కష్టం.

మూడు పికప్పుల్లో ఒకటి మూగబోయింది. అయస్కాంతం చుట్టూ వేల చుట్లు రాగితీగ ఉంటుంది. పైన ఉక్కు తీగ కంపిస్తే ఆ చుట్టలో సన్నటి కరెంటు పుడుతుంది. పికప్ అంటే అంతే. ఆ రాగితీగ మందం మాత్రం సాధారణంగా 0.06 మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. కొత్తగా చుట్టించెయ్యమని చాలామంది చెప్పారు. నాకు మనసొప్పలేదు. ఆ చుట్టడంలోనే ఆ కర్మాగారపు చెయ్యి ఉంది, ఆ స్వరం ఉంది. కంచరపాలెంలో పంపు మోటార్లకి వైండింగ్ చేసే ఆయన దగ్గరకి తీసుకెళ్ళాను. ఆయన దీపం దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం పెట్టుకుని చూశారు. "ఏటి బాబూ, ఇంత సన్నం తీగ నానెప్పుడూ పట్టుకోనేదు" అన్నారు. కానీ ఆయన వేలికి తెలుసు. పై టేపు విప్పి, బయటి కొస దగ్గర పచ్చగా చిలుము పట్టిన చోట తీగ తెగిందని చూపించారు. అక్కడ రెండు మూడు చుట్లు మాత్రం విప్పి, ఎనామిల్ పూత గీకి, అతికించారు. మల్టీమీటర్‌లో అంకె కనబడింది. మిగతా వేల చుట్లనీ ఎవరూ ముట్టుకోలేదు.

ఇక సాకెట్ సంగతి. బ్యాండులో వాయించే ఓ కుర్రాడు దీని మీద మోజుపడి రోజూ వచ్చేవాడు. "అంకుల్, డ్రిల్ తెస్తాను, పక్కన చిల్లు పెట్టి మామూలు జాక్ వేసేద్దాం" అన్నాడు. వద్దన్నాను. వాడు ఊరుకునే రకం కాదు. "మాండొలిన్ శ్రీనివాస్ గారు మాత్రం మార్చలేదా?" అన్నాడు. మంచి ప్రశ్నే. పాలకొల్లులో పుట్టిన ఆ మహానుభావుడు ఎలక్ట్రిక్ మాండొలిన్‌లో జంట తీగలు తీసేయించి ఒంటి తీగలు పెట్టుకున్నారు, అయిదో తీగ చేర్చుకున్నారు. గమకం పలకాలంటే అది తప్పదు. సంగీతం అడిగిన మార్పు అది. మనకి కావలసింది వైరు గుచ్చుకోవడానికి వీలు మాత్రమే. అది బయటి నుంచి కూడా అమర్చుకోవచ్చు. పాత రేడియోలు బాగుచేసే కొట్లో డిన్ ప్లగ్గు ఒకటి దొరికింది. ఏ పిన్ను ఎర్తో, ఏది సిగ్నలో మీటరు పెట్టి చూసుకుని, రెండో కొసకి మామూలు జాక్ అతికించి జానెడు వైరు తయారుచేశాం. గిటారుకి గాటు పడలేదు. రేపు ఎవరికైనా వద్దనిపిస్తే ఆ వైరు తీసి పక్కన పెడితే చాలు.

ఈ పట్టుదల నాకు గిటార్లతో వచ్చింది కాదు, వీణ దగ్గర నేర్చుకున్నది. బొబ్బిలి వీణ కుండ, దండి ఒకే పనస దుంగలోంచి చెక్కుతారు. అది మార్చరానిది. మెట్లు మాత్రం మైనంలో నిలబెడతారు. ఏళ్ళు గడిచి శ్రుతి తప్పితే మైనం కరిగించి మళ్ళీ మేళం కడతారు, కర్రకి ఏమీ కాదు. తన తర్వాత ఇంకొకడు వచ్చి మళ్ళీ సరిచేస్తాడని తయారుచేసేటప్పుడే అనుకున్న పద్ధతి అది. గిటారు మెట్లు చెక్కలో గాడి కోసి దిగ్గొడతారు. పీకిన ప్రతిసారీ కొంత చెక్క లేస్తుంది. అందుకే దీని మెట్లు అరిగినా పీకలేదు. పైన సమంగా రాకి, గుండ్రం చేసి వదిలేశాను.

పోర్టు కాలనీల్లో, రైల్వే క్వార్టర్లలో, గాజువాక ఇళ్ళలో ఇలాంటివి ఇంకా ఉన్నాయని నా నమ్మకం. మీ అటక మీద ఒకటి ఉంటే దయచేసి రంగు వెయ్యించకండి. పాత గిటారుకి మళ్ళీ రంగేస్తే ధర దాదాపు సగానికి పడిపోతుందని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళు చెబుతారు. ధర మాట ఎలా ఉన్నా, పోయిన పూత తిరిగి రాదు. తీగల్ని కొంచెం వదులు చెయ్యండి. తుప్పు మందు నేరుగా దాని మీద చిమ్మకండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు రెండు పడేసి, సముద్రం వైపు కిటికీకి దూరంగా పెట్టండి. అది ఎవరిదో, ఎలా వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్ళని ఈ వారమే అడిగి రాసుకోండి. రెండు కథలు చెబితే రెండూ రాయండి.